తెప్పకో చెట్టు... బొమ్మకో చెట్టు!

ఉద్దానం అనగానే కొబ్బరి, జీడి, పనస గుర్తొస్తాయి. తోటల చివర సముద్రం ఉందని చాలామందికి తట్టదు. ఆ సముద్రం మీద తరతరాలుగా తేలిన చెక్క తెప్పలు ఇప్పుడు ఒడ్డున వెతికినా దొరకడం కష్టం. వాటిని కనీసం అరచేతిలో పట్టే నమూనాలుగానైనా దాచుకోవాలంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలి. ఏ చెట్టు కర్రతో చెయ్యాలి? జవాబు వెతుక్కుంటూ పలాస నుంచి బారువ దాకా, అక్కడి నుంచి టెక్కలి వైపు ఓ ప్రయాణం!

పలాస స్టేషన్లో రైలు దిగి కాశీబుగ్గ వైపు నడిస్తే మొదట పలకరించేది జీడిపిక్కలు కాల్చే వాసన. ఊరంతా జీడి కార్ఖానాలే. పిక్కలు ఉడికించడం, పగలగొట్టడం, పప్పు వేరుచేయడం... ఎన్నో కుటుంబాలకు అదే బతుకుతెరువు. పప్పు పోగా మిగిలిన తొక్కూ వృథా కాదు. గానుగలో వేస్తే నల్లటి నూనె వస్తుంది. చేతికి తగిలితే బొబ్బలెక్కించే ఆ నూనెకూ పడవకూ పాత చుట్టరికం. చెదలనీ పురుగునీ దగ్గరకు రానివ్వదని పడమటి తీరంలో పడవల అడుగున పూసేవారు.

మరి జీడి చెట్టు కర్ర సంగతి? అది మెత్తన. వంకర టింకరగా పెరుగుతుంది. పెట్టెలకూ, బొగ్గుకూ, పొయ్యిలోకీ తప్ప వడ్రంగి దానివైపు పెద్దగా చూడడు. కాయ బంగారమైనంత మాత్రాన కర్ర బంగారం కావాలని లేదు. ఈ ప్రయాణంలో నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదే. చెట్టును పండును బట్టి కాదు, పనిని బట్టి చూడాలి.

తేలే కర్ర... తట్టుకునే కర్ర

పలాస నుంచి వజ్రపుకొత్తూరు వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా తోటలు. వాటిని దాటితే ఇసుక దిబ్బలు, మొగలి పొదలు, సరుగుడు తోపులు, ఆపైన అలలు. నువ్వలరేవు, మంచినీళ్లపేట, అక్కుపల్లి... తీరం పొడవునా మత్స్యకార గ్రామాలే. ఇక్కడ సముద్రం నిదానంగా ఒడ్డుకు రాదు. అల వెంట అల విరుచుకుపడుతుంది. పడవను కట్టేసేందుకు చాలాచోట్ల రేవుగోడలు లేవు. అలల్ని చీల్చుకుని వెళ్లాలి, తిరిగొచ్చేటప్పుడు వాటి మీదే స్వారీ చేస్తూ ఇసుకలోకి దూసుకురావాలి. ఈ అవసరంలోంచి పుట్టిందే తెప్ప.

తెప్పంటే పడవ కాదు. లోపల డొల్ల ఉండదు. నాలుగైదు దుంగల్ని బాడిశతో చెక్కి, ముందు భాగం పైకి లేచేలా మలిచి, పక్కపక్కన పేర్చి బిగించి కడతారు. అల పైకెక్కినా నీళ్లు దుంగల సందుల్లోంచి కిందికి జారిపోతాయి. మునగడానికి అందులో నీళ్లు నిలిచే చోటే లేదు. అందుకే తెప్పకు కావాల్సింది గట్టి కర్ర కాదు, తేలిక కర్ర. బూరుగు, బాడిద, మలబారు వేప లాంటి చెట్ల దుంగలు ఇందుకు పనికొచ్చేవి.

లెక్క చూస్తే సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. ఘనమీటరు నీటి బరువు వెయ్యి కిలోలు. అదే కొలత ఎండిన బూరుగు కర్ర సుమారు 350 కిలోలు తూగుతుంది. పనస 600, టేకు 650 దాకా ఉంటాయి. సరుగుడైతే 850 నుంచి 1000 దాకా వెళ్తుంది. సరుగుడు దుంగలతో తెప్ప కడితే దాని మీద మనిషి ఎక్కగానే నీటి మట్టానికి దిగిపోతుంది!

తేలిక కర్రతో ఓ చిక్కుంది. అది నీళ్లు తాగుతుంది. వేట ముగిశాక తెప్పను అలాగే వదిలేస్తే రోజురోజుకీ బరువెక్కుతుంది. అందుకే ఒడ్డుకు చేర్చాక కట్లు విప్పి దుంగల్ని ఎండబెట్టడం ఆనవాయితీ. సముద్రపు నీటిలో కర్రను తొలిచే నత్తజాతి పురుగులుంటాయి. ఇసుక మీద ఎండలో ఆరిన దుంగలో వాటికి బతుకు లేదు. మత్స్యకారుడి రోజువారీ అలవాటే తెప్పకు మందు.

మేకు లేని పడవ

ఇంకాస్త ఉత్తరానికి వెళ్తే సోంపేట మండలంలో బారువ. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసేది ఇక్కడే. ఇప్పుడు విహారానికి వచ్చేవాళ్లతో కళకళలాడే ఈ తీరం ఒకప్పటి రేవు. దీపస్తంభం ఆ రోజులకు గుర్తుగా నిలిచి ఉంది. ఒడ్డుకు దూరంగా సముద్రం అడుగున ‘చిలక’ అనే ఆవిరి ఓడ శిథిలాలున్నాయి.

ఇలాంటి రేవుల్లో ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. లోతు నీటిలో లంగరు వేసి ఆగేవి. సరుకునూ మనుషుల్నీ ఓడ దగ్గరకు చేర్చడానికి అలల్ని దాటే పడవ కావాలి. గట్టిగా మేకులు కొట్టిన పడవైతే అల ఎత్తి ఇసుకకేసి కొట్టగానే చీలుతుంది. అందుకే తూర్పు తీరం వాళ్లు మేకులే లేని మసూలా పడవను తయారుచేసుకున్నారు. పలకల అంచుల వెంట చిల్లులు పెట్టి, కొబ్బరి పీచు తాళ్లతో బట్ట కుట్టినట్టు కుట్టేస్తారు. కుట్ల కింద పీచు దూరుస్తారు. లోపల పక్కటెముకల్లాంటి కర్రలు ఉండవు. అల కొట్టినప్పుడు పడవ మొత్తం వంగి, మళ్లీ మామూలుగా అవుతుంది. పలకలకు ఎక్కువగా మామిడి కర్ర వాడేవారు. చవగ్గా, వెడల్పుగా దొరకడం దాని గొప్ప. ఆరేడేళ్లకు పుచ్చిపోతే పలక మార్చి మళ్లీ కుట్టుకోవచ్చు. కొబ్బరి చెట్టు కాయలే కాదు, పడవకు కుట్టు దారం కూడా ఇచ్చింది!

లోతు నీటిలో తిరిగే పెద్ద నావల కథ వేరు. పలకలకు టేకు, అడుగున వెన్నెముకలాంటి దూలానికి నల్లమద్ది లాంటి బరువు కర్ర, లోపలి వంపులకు నల్లతుమ్మ. తుమ్మ కొమ్మ సహజంగానే వంకర తిరిగి ఉంటుంది. ఆ వంకరలో కర్ర పోగు తెగకుండా సాగుతుంది. తిన్నటి దుంగను వంపుగా కోస్తే పోగులు తెగి బలం పోతుంది. అందుకే అనుభవం ఉన్న వడ్రంగి తుమ్మ చెట్టు ముందు నిలబడి తిన్నటి మాను వైపు కాకుండా వంకర కొమ్మల వైపు చూస్తాడు.

ఉమ్మడి తూర్పు గోదావరిలో కోరంగి, తాళ్లరేవు ఇలాంటి నావలకు పేరుపడ్డాయి. 1839 నవంబరు 25న వచ్చిన ఉప్పెన కోరంగిని తుడిచిపెట్టేసింది. అంతకంటే ఎంతో ముందే, రెండో శతాబ్దంలో శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మతో నాణేలు వేయించాడు. ఓడ మన వాళ్లకు ఎంత దగ్గరిదో చెప్పడానికి ఆ నాణెం చాలు.

టేకు ఓడకు టేకు బొమ్మ కుదరదు!

సరే, ఇప్పుడు ఆ తెప్పనో మసూలానో టేకు నావనో బల్ల మీద పెట్టుకునేంత చిన్నదిగా చేయాలి. ఓడల నమూనాలు చేసే అలవాటు కొత్తది కాదు. ఈజిప్టులో మెకెత్రె అనే అధికారి సమాధిలో నాలుగు వేల ఏళ్ల నాటి చెక్క పడవ బొమ్మలు 1920లో బయటపడ్డాయి. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో బ్రిటిష్ నౌకాదళం కోసం ఓడల నమూనాలు చేసేవారు. అసలు ఓడలో 48 అంగుళాలు నమూనాలో ఒక్క అంగుళం. ఓడ కట్టింది ఓక్ చెట్టుతో అయినా బొమ్మ చేసింది మాత్రం పేరు, బాక్స్‌వుడ్ అనే సన్న నార చెట్ల కర్రతో. ఎందుకు?

టేకునే తీసుకోండి. చేవ ఉన్న ముక్కను అడ్డంగా నున్నగా కోసి భూతద్దంతో చూస్తే చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. చెట్టు నీళ్లు పైకి లాగిన గొట్టాలవి. ఒక్కోటి పావు మిల్లీమీటరు దాకా ఉంటుంది. తలుపు మీద అవి అందమైన గీతలు. 48 రెట్లు చిన్నదైన ఓడ మీద మాత్రం అదే రంధ్రం అసలు ఓడలో వేలు దూరే బెజ్జంతో సమానం! ఓడ చిన్నదైంది కానీ చెట్టు నార చిన్నది కాలేదు కదా. అందుకే సముద్రాన్ని గెలిచే టేకు, బొమ్మ దగ్గర ఓడిపోతుంది.

నమూనాకు కావాల్సిన కర్రకు నాలుగు గుణాలుండాలి. రంధ్రాలు కంటికి ఆనకూడదు. నార తిన్నగా ఉండాలి. మిల్లీమీటరు మందం పలక కోసినా చీలకూడదు. ఆరాక మెలితిరగకూడదు. యూరప్ బాక్స్‌వుడ్ కోసం మనం వెతుక్కోనక్కర్లేదు. ఆ గుణాలున్న చెట్లు మన పెరట్లోనే ఉన్నాయి!

పెరటి కర్రల పరీక్ష

జామ: ఎండిపోయిన జామ కొమ్మను పొయ్యిలో పెట్టేముందు ఓసారి ఆగండి. సన్నటి నార, గట్టి కర్ర. పనిముట్లకు పిడులు వేసేది ఇందుకే. తాళ్లు లాగే చిన్న కప్పీలు, లంగరు బొమ్మలు, చుక్కాని పిడి లాంటి చిన్న భాగాలకు బాగుంటుంది. నీడలో నిదానంగా ఆరబెట్టకపోతే మాత్రం పగులుతుంది.

నిమ్మ, నారింజ, వెలగ: ఒకే కుటుంబం చెట్లు. లేత పసుపు రంగు, నున్నటి ముఖం. సన్నగా చీల్చి ఓడ పక్కల పలకలుగా అతికిస్తే బాక్స్‌వుడ్‌కు చాలా దగ్గరగా ఉంటాయి. కరివేపాకు ముదురు మాను కూడా ఈ వరసలోనిదే.

అంకుడు: ఏటికొప్పాక లక్క బొమ్మల చెట్టు. తెల్లటి, మెత్తని నున్నదనం. తరిణి మీద సులువుగా తిరుగుతుంది. తెరచాప కొయ్యలకూ, పీపాలకూ సరిపోతుంది.

బండారు: పసుపు కర్ర. నార సన్నన. అంచుల్లో చిల్లులు పెట్టినా తొందరగా చీలదు. మసూలా పడవను నిజంగా దారంతో కుట్టాలనుకునేవాళ్లు ముందు దీన్ని చూడొచ్చు.

తెల్లపొణికి: కొండపల్లి, నిర్మల్ బొమ్మల కర్ర. తేలిక. ఉలికి వెన్నలా లొంగుతుంది. తెప్ప నమూనాకు ఇది బాగుంటుంది. కొట్టుకుంటే సొట్ట పడుతుంది కాబట్టి సన్న పలకలకు పనికిరాదు.

తునికి: బీడీ ఆకుల చెట్టే. ముదురు మాను లోపలి చేవ నల్లగా ఉంటుంది. కోరమాండల్ ఎబొనీ అని ప్రపంచం పిలిచేది దీన్నే. ఓడ అంచుల వెంట నల్ల గీతలా వేసే పలకకు రంగు అక్కర్లేదు.

వెదురు: చెట్టు కాదు, గడ్డి జాతి. అయినా నమూనా చేసేవాళ్ల పెట్టెలో ఇది ఉండాల్సిందే. పలకల్ని బిగించే సూది లావు చీలలు వెదురుతో చేసినంత బాగా మరే కర్రతోనూ రావు.

పనస: బొబ్బిలి వీణకు ప్రాణం పోసేది ఈ కర్రే. ఆరాక పెద్దగా మెలితిరగదు. కొత్తలో పసుపు, ఏళ్లు గడిచేకొద్దీ తేనె రంగు, ఆపైన గోధుమ. కాకపోతే నార రంధ్రాలు కంటికి కనిపిస్తాయి. చిన్న ఓడకు పలకలుగా వద్దు. ఒకే ముక్కలో చెక్కే పెద్ద పడవకూ, నమూనాను నిలబెట్టే పీటకూ దీన్ని మించింది లేదు.

కొబ్బరి: చారలు చారలుగా ఉండే మాను. బయటి భాగం రాయిలా, లోపలి భాగం పీచులా ఉంటుంది. సన్న పనికి లొంగదు. కానీ తాడుకు పీచు దానిదే.

ఇరుగుడు, ఎర్రచందనం లాంటి వాటి జోలికి వెళ్లకపోవడం మంచిది. అడవి చట్టాలు కఠినంగా ఉన్నాయి, ఉండాలి కూడా. తునికి, బండారు లాంటి అడవి కర్రలైనా అనుమతి ఉన్న డిపోల్లోనే కొనాలి. వడ్రంగి దుకాణంలో మిగిలిన ముక్కలు, గాలికి విరిగిన పెరటి కొమ్మలు నమూనాకు చాలు. ఒక అడుగు పొడవు పడవకు కావాల్సింది చేతి సంచిలో పట్టేంత కర్రే.

ఆరబెట్టడమే అసలు పని

పచ్చి కర్రతో చేసిన పడవ పచ్చి ఇటుకతో కట్టిన గోడే. అంగుళం మందం పలక ఆరడానికి ఏడాది అన్నది పాత లెక్క. కొమ్మ కోసిన వెంటనే రెండు చివరలకూ మైనమో రంగో పూయాలి. నీరు చివరల నుంచి తొందరగా పోతుంది, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. తర్వాత నీడలో, గాలి ఆడేలా, మధ్య మధ్య పుల్లలు పెట్టి పేర్చాలి. ఎండలో పెట్టడం తెప్ప దుంగకు మందు, నమూనా కర్రకు శత్రువు.

తీరంలో గాలి ఎప్పుడూ తడిగా ఉంటుంది. సోంపేటలో ఆరిన కర్రతో చేసిన ఓడను హైదరాబాద్ తీసుకెళ్తే అక్కడి పొడి గాలికి ఇంకాస్త కుంచించుకుపోయి అతుకులు విడొచ్చు. అందుకే బొమ్మ ఏ ఊళ్లో ఉండబోతోందో ఆ ఊళ్లోనే పలకల్ని కొన్ని వారాలు ఉంచి, ఆ తర్వాత పని మొదలుపెట్టడం మేలు. ఇంకో జాగ్రత్త. కర్ర పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. బిల్లుడు లాంటి కొన్ని కర్రల పొడి ఒంటికి దురద తెస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా గరుకు కాగితం పట్టొద్దు.

ఉప్పు, గాలివాన, కొత్త రేవు

టెక్కలి వైపు వస్తే నౌపడ ఉప్పు మడులు. తెల్లగా మెరిసే ఆ కుప్పలకూ కర్రకూ సంబంధం ఉంది. పడవను పుచ్చబెట్టేది సముద్రపు ఉప్పు నీరు కాదు, పైనుంచి పడి మూలల్లో నిలిచే వాన నీరు. పూర్వం కొన్ని దేశాల్లో ఓడ పలకల మధ్య ఉప్పు నింపేవారు, కర్ర కుళ్లకుండా. పక్కనే భావనపాడు. దానికి దగ్గర్లో మూలపేట రేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. అలల మీద స్వారీ చేసిన తీరానికి పెద్ద ఓడలు వచ్చే రోజులు దగ్గరపడుతున్నాయి.

చెక్క తెప్పలు మాత్రం వెళ్లిపోతున్నాయి. తేలిక దుంగలు దొరకడం కష్టమైంది. 1990ల నుంచి ఫైబర్ తెప్పలు, మోటార్లు వచ్చాయి. 2004 సునామీ తర్వాత తూర్పు తీరమంతా ఆ మార్పు వేగం పుంజుకుంది. ఫైబర్ తెప్ప దుంగ తాగినట్టు నీళ్లు తాగదు, విప్పి ఆరబెట్టే పని లేదు, ఎక్కువ దూరం వెళ్లొచ్చు. మత్స్యకారుడు దాన్ని ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. చెక్క తెప్ప మీద ప్రేమ ఒడ్డున నిలబడ్డవాళ్లకు సులువు, దాని మీద వేటకెళ్లే వాళ్లకు కాదు. పైగా వేట గిట్టక ఎంతోమంది గుజరాత్ రేవులకు వలస వెళ్తున్నారు. అలా వెళ్లి 2018లో పాకిస్థాన్‌కు చిక్కిన ఇరవై మంది ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. తండ్రి వీరావల్‌లో ఉంటే, కొడుక్కు తెప్ప కట్టు నేర్పేదెవరు?

అదే 2018లో, అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. కొన్ని గంటల్లో ఉద్దానం నేలకొరిగింది. కొబ్బరి, జీడి, పనస... తాతలు నాటిన చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. కొత్త కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఐదారేళ్లు. ముదురు పనస చేవ తయారవ్వాలంటే ఒక తరం. పడిన చెట్లలో ఎక్కువ భాగం పొయ్యిలకూ, ఇటుక బట్టీలకూ పోయింది. అప్పటి పనస మాను ముక్క ఏ ఇంట్లోనైనా గోడ పక్కన ఇంకా ఉంటే, ఇన్నేళ్లలో అది చక్కగా ఆరి ఉంటుంది. దాన్ని పారేయొద్దు.

చివరి కొలతలు

తెప్పను నమూనాగా చేయాలంటే కర్రకన్నా ముందు కావాల్సింది కొలతలు. దుంగల పొడవెంత, ముందు కొన ఎంత లేవాలి, కట్టు ఎక్కడ పడాలి, తెడ్డు ఎంత... ఇవి చాలావరకూ పుస్తకాల్లో లేవు. ఒకప్పుడు తెప్ప చెక్కిన పెద్దల చేతుల్లో ఉన్నాయి. వాళ్లు కొలబద్ద వాడలేదు. మూరలు, జానలు, బెత్తెలు వాడారు. ఆ చేతులు ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి. ఉద్దానం బడుల్లో పిల్లలకు సైన్సు ప్రాజెక్టులుంటాయి. మంచినీళ్లపేట పిల్లాడు తాత దగ్గర కూర్చుని, మూరలు లెక్కపెట్టించుకుని, పెరట్లో జామ కొమ్మతోనో పొణికితోనో ఒక అడుగు తెప్ప చేసి బడికి తీసుకెళ్తే, అంతకు మించిన ప్రాజెక్టు ఏముంటుంది?

కార్తీక మాసం వెళ్లిన మర్నాడు, పోలి పాడ్యమి నాడు, మన ఇళ్లలో ఆడవాళ్లు అరటి దొప్పల్లో దీపం పెట్టి నీళ్లలో వదులుతారు. ఇచ్ఛాపురం దాటితే, ఒరియా వాళ్లు అంతకు ముందు వచ్చే పున్నమి నాడే అరటి దొప్ప పడవలు వదులుతూ సముద్రం మీదికెళ్లిన పూర్వీకుల్ని తలచుకుంటారు. అరటి దొప్ప చెక్క కూడా కాదు. రెండు రోజుల్లో కుళ్లిపోతుంది. అయినా ఏటా మళ్లీ చేస్తారు కాబట్టి ఆ పడవ ఇన్ని వందల ఏళ్లుగా మునగలేదు. ఏ కర్ర ఎక్కువ కాలం నిలుస్తుందన్న ప్రశ్నకు ఈ తీరం ఇచ్చే జవాబు బహుశా అదే. చెయ్యడం తెలిసిన చెయ్యి ఉన్నంతకాలం, ఏ కర్రయినా నిలుస్తుంది!